సమస్యాపూరణం: ‘అడుగు లేని బుట్ట యాశ నింపె’

బేస్‌బాల్ సీజన్ చివరికొచ్చిన వేళ ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) కోసం ఎదురుచూసే అమెరికా అభిమాని మాటగా పూరించాలి. ఛందస్సు ఆటవెలది. బేసి పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. సరి పాదాల్లో ఐదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరానికి యతి. సమస్యలో అ–యా కుదిరింది.

పూరణ 1
ఆటలేమొ నూట యరువదిరెండాయె,
బేసుబాలు మోజు పెరిగి తరిగె;
వలల సద్దు వినగ వచ్చె నక్టోబరు,
అడుగు లేని బుట్ట యాశ నింపె.

సమీక్ష: ధార చక్కగా ఉందండీ. మూడో పాదం జాగ్రత్తగా చూడండి: ‘క్టో’ వల్ల ముందున్న ‘న’ గురువు, కనుక ‘వచ్చెన’ ర-గణం, ‘క్టోబరు’ భ-గణం. ‘న’ను లఘువనుకుంటే లెక్క తప్పుతుంది. ‘వలల సద్దు’ ఎంత బాగుందో! రిమ్‌కు (బుట్ట అంచు కడియానికి) తగలకుండా దిగిన బంతికే ఆ శుభ్రమైన సద్దు.

ఒక సందేహం. బేస్‌బాల్ తుది పోరు వరల్డ్ సిరీస్ మొదలయ్యేదీ అక్టోబరులోనే కదా, మోజు తరగడమేమిటి? 30 జట్లలో 162 ఆటల తర్వాతి పోస్ట్‌సీజన్‌కు వెళ్ళేవి 12. మిగతా 18 జట్ల అభిమానులకు 162తోనే సరి. ఈ పద్యం వాళ్ళది.

పూరణ 2
ఇరువదియును నాల్గె యీ సెకనులు గాన
పప్పులుడుకవింక బంతి దాచ;
తొమ్మిదవది ముగియు తుదిదాక జాగేల?
అడుగు లేని బుట్ట యాశ నింపె.

సమీక్ష: ‘సెకన్లు’ అనకుండా ‘సెకనులు’ అన్నారు, గణం నిలిచింది. రెండో పాదానికి చప్పట్లు! 1950 నవంబరు 22న ఎన్‌బీఏ ఆటలో ఫోర్ట్ వేన్ 19, మినియాపొలిస్ 18: బంతి దాచుకుంటే ఆట ఎంత చచ్చిపోతుందో ఆ స్కోరే చెబుతుంది. 1954లో షాట్ క్లాక్ (బంతిని బుట్టకు వేయడానికి గడువు) తెచ్చారు. 48 నిమిషాలంటే 2880 సెకన్లు, మంచి ఆటలో రెండు జట్లవీ కలిపి 120 షాట్లు, భాగిస్తే 24. బజర్ మోగేలోపు బంతి చేయి వదలాలి, ఆపై బుట్టలో పడాలి, లేదా రిమ్‌కైనా తగలాలి.

‘తొమ్మిదవది’ అంటే బేస్‌బాల్ చివరి ఇన్నింగ్స్. ‘జాగేల’ కాస్త కటువు. బేస్‌బాల్‌లోనూ 2023 నుంచి పిచ్ క్లాక్ (బంతి విసరడానికి గడువు) ఉంది, బేస్‌లు ఖాళీగా ఉంటే 15 సెకన్లు. అయితే ఆటకు మొత్తంగా గడియారం లేదు, గెలవాలంటే ఎదుటి జట్టువి 27 అవుట్లు పడాల్సిందే. ఆ అర్థంలో చెల్లుతుంది.

పూరణ 3
నిచ్చెనెక్కి బంతి నెత్తెడి కష్టమ్ము
తొలగె నడుగు కోయ నాటి నుండి;
నేడు వలను జారు నిమిషాన పలుమార్లు,
అడుగు లేని బుట్ట యాశ నింపె.

సమీక్ష: 1891లో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ పదడుగుల ఎత్తున కొట్టించిన పీచ్ బుట్టలకు అడుగుండేది. ‘అడుగు లేని’ అన్న మాటకు అసలు కారణం పట్టుకున్నది మీరొక్కరే. కానీ రెండో పాదంలో తొ–నా యతిభంగం. ‘కోయ’ ద్రుతాంతం, దాని తర్వాత ‘తొల్లి’ ‘దొల్లి’ అవుతుంది, కనుక ‘దొల్లినాళ్ళ’ అనండి. త–ద యతి చెల్లుతుంది. పైగా మూడో పాదంలో ఎదురుచూపే లేదు, దత్తాంశం తప్పింది.

సవరణతో, కృతజ్ఞతలతో:
నిచ్చెనెక్కి బంతి నెత్తెడి కష్టమ్ము
తొలగె నడుగు కోయ దొల్లినాళ్ళ;
ఎన్ని నాళ్ళొ యింక నెదురుచూపులు చూడ,
అడుగు లేని బుట్ట యాశ నింపె.