అసంజనమా, ఆసంజనమా?

పాతపాఠం: ఒక వాక్యం రెండు రోజులుగా బుర్ర తొలుస్తోంది. కణాలు ఒకదాన్నొకటి పట్టుకోవడం సంసంజనం, చుట్టూ ఉన్నదాన్ని పట్టుకోవడం అసంజనం అని ఎక్కడో చదివాను. రెండోది ‘అ’తోనా, ‘ఆ’తోనా?

నిఘంటువుపురుగు: ‘ఆ’తోనే. ‘ఆసక్తి’లో ఉన్న ధాతువే, ఆ ఉపసర్గే. దీర్ఘం తీసేస్తే ‘అసక్తి’, అంటే ఏదీ అంటనితనం. మొక్కల్లో నీరు పైకెక్కే పాఠంలో ‘అసంజన బలాలు’ అనే వల్లెవేశాం. అంటుకోని బలంతో నీళ్లు నాళం గోడ పట్టుకున్నాయన్నమాట!

సూక్ష్మదర్శిని: దీర్ఘం సరే, అర్థం చూడండి. ఒకే జాతివైతే సంసంజనం, వేరైతే ఆసంజనం. కణం మీద ఉండే ఈ-క్యాడ్‌హెరిన్ అనే ప్రొటీన్ పక్క కణం మీది ఈ-క్యాడ్‌హెరిన్‌నే పట్టుకుంటుంది. ఇంటెగ్రిన్ అనే ఇంకో ప్రొటీన్ కణం బయట ఉండే ఫైబ్రోనెక్టిన్ అనే వేరే ప్రొటీన్‌ని పట్టుకుంటుంది. రెండు మాటలూ కావాలి.

తెలుగుపక్షం: మరి సెలెక్టిన్ అనే ప్రొటీన్‌ని ఎందులో వేస్తారు? రక్తనాళం గోడ కణాల మీద ఉండి, తెల్ల రక్తకణం మీది చక్కెర గొలుసుల్ని పట్టుకుంటుంది. కణానికీ కణానికీ మధ్యే, కానీ పట్టేదొకటి, పట్టుబడేదొకటి. అదీ గట్టి పట్టు కాదు. పట్టి, వదిలి, మళ్ళీ పట్టి... తెల్లకణం గోడ మీద దొర్లుకుంటూ పోతుంది. ‘అంటీముట్టనట్టు’ అనే మాట దీనికోసమే పుట్టిందేమో. ‘అంటుకోవడం’ అంటే చాలదా?

నిఘంటువుపురుగు: ‘కణాలు అంటుకున్నాయి’ అని రాస్తే ఫైర్ ఇంజన్‌కి ఫోన్ చేస్తారు.

తెలుగుపక్షం: అయితే ‘పట్టు’. పోతన గజేంద్రుణ్ణి తలుచుకోండి. ఏనుగు గట్టుకి, మొసలి మడుగులోకి, ఒకే పద్యంలో రెండు లాగుళ్ళు! ఇంటెగ్రిన్ బతుకూ అంతే. కణం లోపల టాలిన్ అనే లంకె ప్రొటీన్ ద్వారా యాక్టిన్ ప్రొటీన్ తంతువులు లాగుతుంటే, బయట కణాల చుట్టూ అల్లుకుని ఉండే మాత్రిక (మేట్రిక్స్) బిగబట్టి ఉంటుంది. లాగేకొద్దీ అక్కడ పట్టు బలపడుతుంది కూడా. ఏ సంజనంలో ఉందండీ ఆ పెనుగులాట?

సూక్ష్మదర్శిని: అక్కడ చక్రం వచ్చింది, మా ల్యాబ్‌లో ప్రొటీన్లని కోసే ఎంజైము ట్రిప్సిన్ వస్తుంది. తోడుగా ఈడీటీఏ అనే రసాయనం. అది కాల్షియాన్ని లాగేస్తే క్యాడ్‌హెరిన్ పట్టు సడలుతుంది, పేరులోని ‘క్యా’ ఆ కాల్షియమే. మైక్రోస్కోప్‌లో చూడాలి: చదునుగా పరుచుకున్న కణాల అంచులు మెల్లగా ముడుచుకుంటాయి, గుండ్రంగా మెరుస్తాయి, డిష్‌ని పక్కనుంచి తడితే తేలిపోతాయి.

పాతపాఠం: అప్పుడు దాన్ని హ్రస్వంతో అసంజనం అనొచ్చు! ఇంతకీ నా వాక్యం ఎవరికీ గుర్తు రాలేదా?

నిఘంటువుపురుగు: ఆగండి, పైన ‘మాత్రిక’ అన్నదెవరు? అది గణితం వాళ్ళ మాట కదా.