పోలార్‌స్టెర్న్: ఒకే ఓడతో సరుకుల రవాణా, పరిశోధనా ఎలా?

ప్రశ్న: జర్మనీ వారి ధ్రువ నౌక పోలార్‌స్టెర్న్ 1982 నుంచి పరిశోధనలు సాగిస్తూనే, అంటార్కిటికాలోని వారి నాయ్‌మాయర్ కేంద్రానికి సరుకులు కూడా చేరవేస్తోందని చదివాను. అది మంచును ఎలా ఛేదిస్తుందో, అక్కడ సరుకు ఎలా దించుతారో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

సాగర్: మంచును కోసుకుంటూ పోతుందని చాలామంది అనుకుంటారు గానీ, నిజానికి ఏటవాలుగా ఉండే ఓడ ముందుభాగం మంచు పలక మీదికి ఎక్కగా, ఆ బరువుకు పలక వంగి విరిగిపోతుంది. ఒకటిన్నర మీటర్ల మందం వరకు ఆగకుండా సాగుతుంది. అంతకు మించితే వెనక్కి జరిగి మళ్లీ ఢీకొట్టాల్సిందే.

లలిత: ఆ కేంద్రం సముద్రంపై తేలే మంచు పలక మీద ఉంది కనుక రేవంటూ లేదు. ఓడను మంచు అంచుకు ఆనించి, క్రేన్లతో కంటెయినర్లను స్లెడ్జీల మీదికి దించితే, గొలుసు చక్రాల బండ్లు వాటిని లాక్కెళతాయి.

సాగర్: లలిత గారు చెప్పినదానికి ఒక్క మాట చేరుస్తాను. 2019 అక్టోబరులో ఈ ఓడను ఆర్కిటిక్‌లో ఒక మంచు పలకకు కట్టి, దానితోపాటే నెలల తరబడి కొట్టుకుపోనిచ్చారు. అప్పుడు దీనికే వేరే ఓడలు సరుకులు తెచ్చాయి. కోవిడ్ ఆంక్షల వల్ల 2020లో పరిశోధనను కొన్ని వారాలు ఆపి, నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల దగ్గరికి వెళ్లి మరీ వాటిని కలుసుకోవాల్సి వచ్చింది.