మా వయోవృద్ధుల కేంద్రం చరిత్ర రాయాలి: ఇలాంటి పని చేసినవారు అనుభవాలు చెప్పండి

దస్త్రాలపెట్టె
మాది చిన్న ఊరి వయోవృద్ధుల కేంద్రం. వచ్చే వార్షికోత్సవానికి దాని చరిత్రను పుస్తకంగా తేవాలని కార్యవర్గం తీర్మానించి, ఆ పని నాకు అప్పగించింది. తీరా బీరువా తెరిస్తే మొదటి మినిట్స్ పుస్తకమే లేదు. చందా రసీదు పుస్తకాలు, నాలుగు హాజరు రిజిస్టర్లు, వెనుక పేర్లు రాయని ఫోటోల కట్ట మాత్రం ఉన్నాయి. గోడకున్న శిలాఫలకం ఒక తేదీ చెబుతోంది. తొలితరంలో మిగిలిన ఇద్దరు పెద్దలు మాత్రం అంతకు రెండేళ్ల ముందునుంచే కలుసుకునేవాళ్లమని గట్టిగా అంటున్నారు. దేన్ని నమ్మాలి?

మాజీ కార్యదర్శి
రెండింటినీ నమ్మండి. శిలాఫలకం భవనానిది, పెద్దలు చెప్పేది సంఘానిది. మా దగ్గరా ఇదే జరిగింది. అసలు మొదలు గ్రంథాలయం వరండాలో, సాయంత్రం పేపరు చదవడానికి వచ్చే ఏడెనిమిది మందితో. గ్రంథాలయం మూసే వేళకు లేవాల్సి వచ్చేది కాబట్టి వేరే గది కావాలనుకున్నారు. సంఘం, చందా, స్థలం, భవనం అన్నీ ఆ తరువాత వచ్చినవే.

మినిట్స్ పుస్తకం పోయిందని దిగులు పడకండి. మీ సంఘం 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదై ఉంటే, 4వ సెక్షన్ ప్రకారం ఏటా కార్యవర్గ సభ్యుల పేర్లు, చిరునామాలు, వృత్తులతో జాబితా రిజిస్ట్రారుకు ఇవ్వాలి. నమోదు నాటి నియమావళితో పాటు ఆ జాబితాల నకళ్లకూ దరఖాస్తు పెట్టండి. తొలి కార్యవర్గంలో ఎవరెవరున్నారో మాకు అక్కడే తెలిసింది.

లెక్కల మాస్టారు
పెద్దలను "ఏ సంవత్సరం?" అని అడగకండి. ఆ ప్రశ్నకు అందరూ తడబడతారు. "మీరు రిటైరయ్యాక ఎన్నాళ్లకు?" అని అడగండి. ముప్పై ఏళ్లు ఉద్యోగం చేసిన మనిషి తన పదవీ విరమణ తేదీని మరిచిపోడు. పింఛను కాగితంలో కూడా ఉంటుంది. ఉద్యోగం చేయనివారికి పిల్లల పెళ్లిళ్లు, మనవల పుట్టుక ఆనవాళ్లు. ఒక్కొక్కరితో విడిగా గంటకు మించకుండా మాట్లాడండి, వారి అనుమతితో ఫోనులో రికార్డు చేయండి. పదిమందిని ఒకేచోట కూర్చోబెడితే గొంతు పెద్దదైన వారి జ్ఞాపకమే అందరి జ్ఞాపకమైపోతుంది.

ఫోటోల పిచ్చి
ఫోటోల్లో మనుషులకంటే ముందు బ్యానర్లు చూడండి. అక్టోబరు 1న వయోవృద్ధుల దినోత్సవం జరపాలని ఐక్యరాజ్యసమితి 1990 డిసెంబరులో తీర్మానించింది, 1991 నుంచి జరుగుతోంది. కాబట్టి ఆ బ్యానరున్న ఫోటో అంతకు ముందుది కాదు. 1999ని అంతర్జాతీయ వయోవృద్ధుల సంవత్సరంగా ప్రకటించారు, మన జాతీయ వృద్ధుల విధానం కూడా ఆ ఏడాదిదే. ఏటా డిసెంబరు 17న సభ జరిపి ఉంటే, మీ కేంద్రానికి పింఛనుదారుల సంఘంతో బంధుత్వం ఉందేమో చూడండి. పింఛను యజమాని దయాభిక్ష కాదు, హక్కు అని 1982లో నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన రోజది.

దయచేసి ఫోటోల వెనుక బాల్ పెన్నుతో రాయకండి, అచ్చు ముందువైపుకు తేలుతుంది. మెత్తటి పెన్సిల్ చాలు. సెల్లో టేపు అసలే వద్దు.

వరండా శ్రోత
ఈ కేంద్రాల మూలం ఎక్కడైనా ఒంటరితనమే. న్యూయార్క్ నగరంలో 1943లో మొదలైన విలియం హాడ్సన్ కేంద్రాన్ని అమెరికాలో ఈ తరహా కేంద్రాలకు ఆద్యంగా చెబుతారు. సంక్షేమ కార్యాలయానికి వచ్చే వృద్ధులు పని అయ్యాక కూడా మాట్లాడాలని ఆరాటపడటం అక్కడి సిబ్బంది గమనించారు. కేంద్రం ఆలోచన అందులోంచి పుట్టింది. వృద్ధుల కోసం ప్రత్యేక చట్టం ఆ దేశంలో 1965లో గానీ రాలేదు. ముందు మనుషులు కూడారు, చట్టం వెనక వచ్చింది. మీ పుస్తకంలో కూడా ఆ వరుస తప్పనివ్వకండి.

మనవరాలు
మా తాతయ్య వెళ్లే కేంద్రం హాజరు రిజిస్టర్లను నేను స్కాన్ చేశాను. ఒకాయన సంతకం మొదటి పుస్తకంలో గీతను దాటిపోయేంత పెద్దది, చివర పొడవాటి మెలిక. నాలుగో పుస్తకానికి మెలిక పోయింది, అక్షరాలు వణికాయి. తరువాత కొన్ని నెలలు పొడి అక్షరాలే. ఒక మంగళవారం నుంచి ఆ గడి ఖాళీ. అయినా రిజిస్టరు రాసే ఆయన నెలాఖరు దాకా ఆ పేరు కొట్టివేయలేదు. అధ్యక్షుల ఫోటోలు వరుసగా వేసే పుస్తకంలో ఈ పేజీకి కూడా చోటివ్వండి.

ఇంకొకటి. స్త్రీలు ఎప్పటినుంచి వచ్చారో తప్పక రాయండి. మినిట్స్‌లో ఆ మాటే లేదు. చందా పుస్తకంలో మాత్రం ఒక నెల ముగ్గురు స్త్రీల పేర్లు ఒకేసారి కనిపించాయి. అడిగితే తెలిసింది, ఒక్కరే రావడానికి మొహమాటపడి ముగ్గురూ కూడబలుక్కుని వచ్చారట.

మాజీ కార్యదర్శి
బాగా చెప్పావమ్మా. గొడవలు కూడా రాయాలి. మా సంఘం ఎన్నికల దగ్గర రెండుగా చీలి, ఏడాదిన్నర తరువాత కలిసింది. తిట్టుకున్న మాటలు అక్కర్లేదు, చీలిక మాత్రం దాచకూడదని నా అభిప్రాయం. దాచితే ఆ ఏడాదిన్నరపాటు తాళం చెవి దగ్గర పెట్టుకుని, రెండు వర్గాలకూ వేళకు తలుపు తీసిన మనిషి కూడా మరుగున పడిపోతాడు.

దస్త్రాలపెట్టె
అందరికీ నమస్కారాలు. మాస్టారు చెప్పినట్టే నిన్న ఒక పెద్దాయనను అడిగాను. "రిటైరైన రెండో నెలలోనే బడి గదిలో కూర్చున్నాం, కుర్చీలు ఎవరింటివి వారే తెచ్చుకున్నాం" అన్నారు. విరమణ తేదీతో లెక్క వేస్తే శిలాఫలకానికి ఇరవై ఆరు నెలల ముందు. తన కుర్చీ ఇప్పటికీ కేంద్రంలోనే ఉందని, కాలి లోపలివైపు ఇంటిపేరు చెక్కించానని చెప్పారు. ఈ రోజు వెళ్లి ఒక్కో కుర్చీ తిరగేశాను. పదకొండోది ఆయనదే. మరో రెండు కుర్చీల మీద కూడా పేర్లున్నాయి, ఆ ఇళ్లు వెతకడానికి రేపు బయలుదేరుతున్నాను.