పాటలు కట్టడానికి నాలుగు రోజులు: గోపాలపురమా, తప్తపాణియా?

ప్రశ్న (ఒడిశాలోని బరంపురం నుండి)

నేను పన్నెండేళ్లుగా వయొలిన్ వాయిస్తున్నాను. నా స్నేహితుడు ఒడియాలో పాటలు రాసి పాడతాడు. ఒకే వీధిలో పెరిగినవాళ్లం కనుక అతనికి తెలుగు, నాకు ఒడియా బాగా వచ్చు. ఏళ్ల తరబడి ప్రతి ఆదివారం కూర్చుంటున్నా, ఇంటికి చుట్టాలు రావడమో, అతనికి దుకాణం నుండి పిలుపు రావడమో జరిగి, ఒక్క పాట కూడా మొదటి చరణం దాటలేదు. అందుకే డిసెంబరులో నాలుగు రోజులు ఊరు విడిచి వెళ్లి, రెండు భాషలూ కలిసిన రెండు పాటలైనా పూర్తిచేసి రావాలని నిశ్చయించుకున్నాం. గోపాలపురం సముద్రతీరం మేలా, తప్తపాణి కొండలు మేలా? రెండు భాషలు ఒకే వరుసలో, అంటే ఒకే బాణీలో, ఇముడుతాయా? అనుభవం ఉన్నవారు దయచేసి తెలియజేయగలరు.

జవాబు 1 (ఛత్రపురం నుండి)

నేను మృదంగం వాయిస్తాను. ఇటువంటి పని మీదే మిత్రునితో గోపాలపురం వెళ్లాను. సాయంత్రం ఒకటిన్నర శ్రుతికి చేర్చిన మృదంగం తెల్లవారేసరికి దాదాపు ఒకటికి దిగిపోయింది. సముద్రపు తేమకు తోలు సడలుతుంది. మళ్లీ శ్రుతి చేయడానికి రాయితో, కర్రముక్కతో మృదంగం అంచు చుట్టూ తట్టుకుంటూ కూర్చునేసరికి, మనసు నిర్మలంగా ఉండే ఆ ఉదయమంతా గడిచిపోయింది. మీ వయొలిన్ తీగలను బిగించే బిరడాలు కూడా తేమకు ఉబ్బి బిగుసుకుపోతాయి. పైగా అలల హోరు ప్రతి రికార్డింగులోనూ చేరింది, తరువాత దాన్ని తీసివేయడం మా వల్ల కాలేదు.

కాబట్టి దిగపహండి దాటాక ఘాట్‌లో ఉన్న తప్తపాణినే ఎంచుకోండి. బరంపురానికి సుమారు 50 కిలోమీటర్లే. వేడినీటి ఊటలో స్నానం చేసి కూర్చుంటే వేళ్లు హాయిగా కదులుతాయి. అయితే డిసెంబరు సెలవు రోజుల్లో పిక్నిక్కులకు వచ్చేవారి లౌడ్‌స్పీకర్లు ఉంటాయి. సోమవారం వెళ్లి గురువారం తిరిగి రండి. గదిలో కిటికీలకు బొంతలు వేలాడదీసి, ఫోనును నేల మీద కాక దిండు మీద పెట్టి రికార్డు చేయండి. అన్నిటికంటే ముఖ్యంగా, ఇంట్లో సగంలో ఆగిపోయిన ఆ ముక్కలన్నీ వెంట తీసుకువెళ్లండి. శూన్యం నుండి మొదలుపెడితే నాలుగు రోజులు చాలవు.

జవాబు 2 (పర్లాకిమిడి నుండి)

భాషల గురించి మీరు దిగులు పడవలసిన పని లేదు. తెలుగు మాటల వలెనే ఒడియా మాటలు కూడా చాలావరకు అచ్చుతోనే ముగుస్తాయి. హిందీవారి ‘ఫూల్’ హల్లుతో ఆగిపోతుంది, ఒడియాలో అదే మాట ‘ఫులొ’ అవుతుంది కనుక చివరి అక్షరాన్ని ఎంతసేపైనా సాగదీసి పాడవచ్చు. మన ‘పువ్వు’ కూడా అంతే కదా! తాళం విషయంలోనూ చిక్కు లేదు. ఒడిశా శాస్త్రీయ సంగీతమైన ఒడిస్సీలోని ఏకతాళి అనే తాళం నాలుగు మాత్రలది, అంటే నాలుగు లెక్కలది; మన ఆదితాళం ఎనిమిది లెక్కలది. అతని తాళం రెండు చుట్లు తిరిగితే మీ తాళం ఒక చుట్టుకు సరిపోతుంది. పల్లవి ఒక భాషలో, చరణం మరొక భాషలో పెట్టడం కంటే, ఒకే పాదంలో రెండూ కలిపి చూడండి. మా ఊళ్లో మనుషులు మాట్లాడుకునేది అలాగే.

మరొక్క మాట. స్నేహితులే కదా అని వదిలేయకుండా, బయలుదేరే ముందే ఎవరి పని ఏదో ఒక కాగితం మీద రాసుకోండి. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం సాహిత్యానికి, వరుసకు, రికార్డింగుకు వేర్వేరు హక్కులు ఉంటాయి. ఆ కాగితం లేకపోవడం వల్ల నేను ఒక మంచి మిత్రునితో రెండేళ్లు మాట లేకుండా గడిపాను. పాట మాత్రం ఇప్పటికీ బయటికి రాలేదు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. తప్తపాణికే, సోమవారమే బయలుదేరుతున్నాం. ఇవన్నీ నిన్న రాత్రి అతనికి చదివి వినిపించాను. ‘ఫులొ’ దగ్గర ఆపమని, ఆ ఒక్క మాటనే నాలుగైదు విధాలుగా పాడి చూశాడు. కాగితం మాట ఎత్తడానికి నాకు మొహమాటంగా ఉండేది, కాని అతనే ముందుగా కలం అందుకున్నాడు.