పేరు పెట్టి పిలిస్తే తప్పా, ఏకవచనం తప్పా?

మొన్న సత్యనారాయణపురంలో మా చెల్లెలి ఇంట్లో జరిగింది. స్వీడన్ నుంచి సెలవులకొచ్చిన దాని మనవరాలు, ఎనిమిదేళ్లది, బడి కబుర్లు చెబుతూ "అన్నా నాకు స్టిక్కర్ ఇచ్చింది" అంది. "అన్న ఇచ్చాడు అనాలమ్మా" అని మా చెల్లెలు దిద్దింది. తీరా చూస్తే అన్నా అంటే వాళ్ల క్లాస్ టీచర్ పేరు! "టీచర్ని పేరు పెట్టి పిలుస్తారుటే!" అని మా చెల్లెలు బుగ్గలు నొక్కుకుంది. అక్కడ 1960ల చివర అందరూ అందర్నీ 'నువ్వు' అనడం ఊపందుకుంది, బళ్లలోనూ ఇప్పుడదే మామూలు.

అప్పట్నుంచి నాకొకటే గోల. మనం తగాదాల్లో "పేరు పెట్టి పిలిచాడు" అంటాం, "ఏకవచనంలో మాట్లాడాడు" అనీ అంటాం, రెండూ ఒకటే నేరమన్నట్టు. కానీ "సుబ్బారావు గారూ, మీరు నిన్న చెప్పారు" అంటే పేరుంది, ఎవరికీ నొప్పి లేదు. "సార్, నువ్వు చెప్పలా" అంటే పేరు లేకపోయినా చెవికి గుచ్చుకుంటుంది. మర్యాదంతా క్రియ చివరి 'రు'లో కూర్చుంది.

'మాస్టారు' చూడండి. మాట ఇంగ్లీషుదే, తోక మాత్రం మనది. "మాస్టారు వచ్చాడు" అనడానికి నోరు తిరగదు. అయ్యవారూ అంతే: "అయ్యవారేం చేస్తున్నారంటే చేసిన తప్పులు దిద్దుకుంటున్నారు" అని వెక్కిరించే సామెతలో కూడా 'రు' చెక్కు చెదర్లేదు. 'సార్'కి ఆ కాపలా లేదు. ఎదురుగా సార్ సార్ అని, గుమ్మం దాటగానే "సార్ వచ్చాడ్రోయ్".

పేరు మింగేస్తే మర్యాద పెరుగుతుందని నేననుకోను. గుంటూరులో నాకు ఐదేళ్లు లెక్కలు చెప్పినాయన లెక్కల మాస్టారే. ఆయన పేరు రిటైర్మెంట్ సభ బ్యానర్ మీద చదివి తెలుసుకున్నాను, సిగ్గేసింది. ఇప్పటి కాలేజీల్లో అయితే పేరు కాస్తా పొడి అక్షరాలైపోయింది, 'కేఎస్ఆర్ సార్' అని.

జవాబు: మా ఖమ్మం వైపు "సారు వచ్చిండు" అంటే ఎవరూ నొచ్చుకోరండీ. మీ 'రు' కొలబద్ద కృష్ణా, గుంటూరు దాటదు.

జవాబు: నేను తెనాలి దగ్గర ఒకటో తరగతికి చెబుతాను. సాయంత్రం బ్యాగు సర్దుకుంటుంటే కొంగు పట్టుకుని "టీచర్, నువ్వు రేపొస్తావా?" అంటారు. దిద్దబుద్ధి కాదు. మూడో తరగతికొచ్చేసరికి వాళ్లే 'మీరు'లోకొస్తారు, కొంగూ వదిలేస్తారు.

జవాబు: కేరళలో 2023 జనవరిలో బాలల హక్కుల కమిషన్ సార్, మేడమ్ వద్దు, అందర్నీ 'టీచర్' అనండి అంది. మనకీ అదే నయం.

ఖమ్మం వారి మాట ఒప్పుకుంటున్నాను, తొందరపడ్డాను. తెనాలి టీచర్ గారూ, ఆ 'నువ్వు'ని నేనైనా దిద్దను. 'టీచర్' బాగానే ఉంది గానీ అందులోనూ పేరు రాదు కదండీ.

ఇంతకీ మా చెల్లెలు పట్టు వదల్లేదు. వారం తర్ఫీదిచ్చాక ఆ పిల్ల ఫోన్లో వాళ్లమ్మకి ఠీవిగా చెప్పింది: "అన్నాగారు స్టిక్కర్ ఇచ్చారు." పక్క గదిలోంచి మా బావగారు: "ఎన్టీఆర్ స్టిక్కరా? ఏదీ, చూపించు!"