డాక్ కామెంట్లలో ఫార్మాటింగ్ సరిచేసిన పీఆర్: తీసుకోవాలా, వద్దా?

ఇండెక్స్:
మేం కొందరం కలిసి నడిపే, రస్ట్ భాషలో రాసిన డేటాబేస్ లైబ్రరీకి ఒక పీఆర్ (పుల్ రిక్వెస్ట్, అంటే కలుపుకోమని పంపిన మార్పు) వచ్చింది. కోడ్ ఒక్క లైనూ మారలేదు. 60కి పైగా ఫైళ్లలో డాక్ కామెంట్ల (కోడ్‌లోనే రాసే వివరణలు, వాటినుంచే డాక్యుమెంటేషన్ పేజీ తయారవుతుంది) ఫార్మాటింగ్ మాత్రం సరిచేశారు. మాలో సగం మంది "ఇదొక పనా?" అంటున్నారు. నేను తీసుకోవాలనే అంటాను.

ఒక ఉదాహరణ చూడండి. ఒక ఫంక్షన్ పైన "ధర*సంఖ్య + పన్ను*సంఖ్య" అని క్వెరీ ముక్క ఉంది, చుట్టూ బ్యాక్‌టిక్‌లు (ఇది కోడ్ అని చెప్పే ` గుర్తులు) లేవు. మార్క్‌డౌన్ (ఆ కామెంట్లు రాసే ఫార్మాటింగ్ పద్ధతి) ఆ రెండు నక్షత్రాలనూ ఇటాలిక్ గుర్తులనుకుని మింగేసింది. పేజీలో "ధరసంఖ్య + పన్నుసంఖ్య" అని కనిపిస్తోంది. దాన్ని కాపీ చేసుకున్నవాళ్లకు టేబుల్‌లో ఆ పేరుతో కాలమ్ లేదని ఎర్రర్ వస్తుంది. వాళ్లు వెతికేది తమ టేబుల్‌లో, తప్పేమో మా కామెంట్‌లో. దీన్ని అందం కోసం చేసే పని అనగలమా?

రోల్‌బ్యాక్:
ఆ ఒక్కటి సరిచేయండి, కాదనను. నా గొడవ మిగతా 60 ఫైళ్ల గురించి. పాత వెర్షన్ల బ్రాంచిలకు ఫిక్స్‌లు చెర్రీ-పిక్ చేసేది (ఒక్కొక్క మార్పునే ఎంచి తీసుకెళ్లేది) నేను. కామెంట్ లైన్లు అటూ ఇటూ జరిగితే పక్కనున్న కోడ్ మార్పు కూడా కాన్‌ఫ్లిక్ట్ అవుతుంది, అంటే దానంతటది కలవదు. ఇదివరకు ఇలాగే ఎవరో కామెంట్ల లైన్లు మడిచి సర్దారు, కనెక్షన్ లీక్ ఫిక్స్ ఒకటి వెనక్కి తీసుకెళ్లడానికి నాకు సగం రోజు పట్టింది. ఏ లైను ఏ మార్పులో వచ్చిందో చూపే బ్లేమ్ సంగతి సరేసరి, ఏ లైను చూసినా "ఫార్మాటింగ్" అనే చూపిస్తుంది. పైగా అంత పెద్ద డిఫ్‌ను (మారిన లైన్ల జాబితాను) పూర్తిగా చదివేదెవరు? ఏదైనా పనిమీద ఫైలు తెరిచినప్పుడు ఆ ఫైలు వరకు సరిచేసుకుంటే చాలు.

కొత్తకాలమ్:
ఆ పీఆర్ పంపింది నేనేనండి. ఈ లైబ్రరీ నేర్చుకుంటూ రెండుసార్లు దెబ్బతిన్నాకే పంపాను. ఒకచోట "ఆప్షన్<రో> ఇస్తుంది" అని రాశారు, బ్యాక్‌టిక్‌లు లేకుండా. బ్రౌజర్ ఆ <రో>ను హెచ్‌టీఎంఎల్ ట్యాగ్ అనుకుని దాచేసింది. లోపల ఏ టైప్ వస్తుందో పేజీ చూసి తెలుసుకోలేకపోయాను.

రెండోది ఇంకా పెద్దది. భాష పేరు రాయని కోడ్ బ్లాక్‌ను రస్ట్‌డాక్ (ఆ పేజీలు తయారుచేసే పరికరం) రస్ట్ కోడే అనుకుని టెస్టుగా నడుపుతుంది. ఎస్‌క్యూఎల్ (డేటాబేస్ క్వెరీ భాష) బ్లాకులు అలా ఫెయిలవుతుంటే ఎవరో వాటన్నిటికీ పరీక్షించొద్దని చెప్పే "ఇగ్నోర్" తగిలించారు. ఆ ఊపులో నిజమైన రస్ట్ ఉదాహరణలకూ తగిలించేశారు. ఇప్పుడు వాటిని ఎవరూ పరీక్షించట్లేదు.

చెక్‌పాయింట్:
జావా వైపు ఇదంతా చూశాను. 2014లో జేడీకే 8 (జావా 8 కిట్) వచ్చినప్పుడు డాక్‌లింట్ అనే చెక్ కామెంట్లలోని తప్పుడు హెచ్‌టీఎంఎల్‌ను ఎర్రర్‌గా పట్టుకోవడం మొదలుపెట్టింది. చాలా ప్రాజెక్టులు కామెంట్లు సరిచేయడం మాని ఆ చెక్‌నే ఆపేశాయి. జావాడాక్‌లో (జావా డాక్ కామెంట్లో) ఆప్టిమైజర్ హింట్ (క్వెరీ ఎలా నడపాలో డేటాబేస్‌కు /*+ ... */ మధ్య ఇచ్చే సూచన) రాస్తే దాని చివరి */ దగ్గరే మొత్తం కామెంట్ ముగిసిపోయేది. 2024లో జావా 23 తెచ్చిన /// మార్క్‌డౌన్ కామెంట్లతో ఆ బాధ తీరింది.

రోల్‌బ్యాక్ గారూ, బ్లేమ్‌కు దారి ఉంది. గిట్ (కోడ్ చరిత్రను దాచే పరికరం) 2.23 నుంచి, అంటే 2019 నుంచి, బ్లేమ్ వదిలేయాల్సిన కమిట్ల (నమోదైన మార్పుల) జాబితాను ఒక ఫైల్లో ఇవ్వొచ్చు. కాన్‌ఫ్లిక్ట్ విషయంలో మాత్రం మీదే న్యాయం.

రోల్‌బ్యాక్:
సరే, బ్లేమ్ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఇగ్నోర్ సంగతి నాకు నిజంగా తెలియదు, తెలిసుంటే నేనే తీసేసేవాణ్ణి. కానీ లైన్లు మడిచి సర్దిన మార్పులకు మాత్రం ఒప్పుకోను. వాటివల్ల చదివేవాళ్లకు కనిపించే పేజీ అణువంత కూడా మారదు.

ఇండెక్స్:
ఇది న్యాయంగానే ఉంది. కొత్తకాలమ్ గారూ, పీఆర్‌ను విడదీయగలరా? పేజీలో కనిపించేది మారే సవరణలు ఒక కమిట్, ఇగ్నోర్ తీసేయడం ఇంకో కమిట్. లైన్లు సర్దినవి వదిలేయండి. హెచ్‌టీఎంఎల్ ట్యాగులను పట్టే రస్ట్‌డాక్ లింట్‌ను (తప్పులు పట్టే చెక్‌ను) సీఐలో (వచ్చే ప్రతి మార్పునూ దానంతటదే పరీక్షించే ఏర్పాటులో) ఎర్రర్‌గా నేను పెడతాను.

కొత్తకాలమ్:
విడదీసి పంపాను. ఇగ్నోర్ తీశాక మూడు ఉదాహరణలు కంపైల్ కావట్లేదు. అందులో ఒకటి ట్రాన్సాక్షన్ ఎలా మొదలుపెట్టాలో చెప్పేది. అందులో పిలిచిన ఫంక్షన్ పేరు ఎప్పుడో మారిపోయింది.

రోల్‌బ్యాక్:
ఆ మూడూ నాకు వదిలేయండి. పాత బ్రాంచిల్లోనూ సరిచేస్తాను.