రౌటర్‌ను ‘తెరువరి’ అనవచ్చా?

అంబత్తూరు సభ్యురాలు: చెన్నై తెలుగు పిల్లల కోసం కంప్యూటర్ పాఠం సిద్ధమవుతోంది. తమిళంలో రౌటర్‌ను ‘తిసైవి’ అంటున్నారు, దిశ చూపేది అని. మనకు ‘తెరువరి’ బాగుంటుందా? తెరువు అంటే దారే కదా.

వేళచ్చేరి సభ్యుడు: తెరువు దారేనండీ, కానీ తెరువరి అంటే ఆ దారిన పోయేవాడు, బాటసారి. నెట్‌వర్క్‌లో దారిన పోయేది ప్యాకెట్, అంటే పంపే సమాచారంలో ఒక చిన్న ముక్క. ఆ మాట ప్యాకెట్‌కు ఇచ్చేయండి, అతికినట్టు సరిపోతుంది. రౌటర్ కదలదు. కూడలిలో కూర్చుని, వచ్చిన ప్రతి ప్యాకెట్ మీదా గమ్యం చిరునామా చూసి ఎటు తోయాలో తేలుస్తుంది.

అంబత్తూరు సభ్యురాలు: పోనీ ‘మార్గదర్శి’?

వేళచ్చేరి సభ్యుడు: మార్గదర్శికి దారంతా తెలిసుండాలి. రౌటర్ చూసుకునేది తర్వాతి మజిలీ ఒక్కటే. ఇక్కడ డబ్బాలో వేసిన ఉత్తరం మీద 522201 అని ఉంటే, చెన్నై సార్టర్‌కు తెనాలి వీధులు తెలియనక్కర్లేదు. ముందున్న 522 చూసి గుంటూరు వైపు సంచిలో వేస్తే చాలు. రౌటింగ్ టేబుల్ అలాంటిదే: ఫలానా అంకెలతో మొదలయ్యే చిరునామాలు ఫలానా తీగ మీదికి. రెండు వరుసలు కుదిరితే ఎక్కువ బిట్లు (0, 1 అంకెలు) కలిసినదే నెగ్గుతుంది. గీత తర్వాతి అంకె, మొదటి ఎన్ని బిట్లు కలవాలో చెబుతుంది. 10.0.0.0/8, 10.1.2.0/24 రెండూ ఉంటే, 10.1.2.7కు పోయే ప్యాకెట్ రెండో వరుస పట్టుకుంటుంది. ఏదీ కుదరకపోతే 0.0.0.0/0, అంటే డిఫాల్ట్ రూటు. అదీ లేకపోతే ప్యాకెట్‌ను పారేయడమే.

పెరంబూరు సభ్యుడు: ‘మజిలీ’ని వదలకండి! హాప్‌కు, అంటే ఒక రౌటర్ నుంచి తర్వాతి దానికి వేసే గెంతుకు, అంతకన్నా మంచి తెలుగు మాట నాకు తోచడం లేదు. ప్యాకెట్ మీద ఉండే టీటీఎల్ (టైమ్ టు లివ్) అంటే మిగిలిన మజిలీల లెక్క. ఐపీవీ4లో, అంటే 10.1.2.7 లాంటి చిరునామాలు వాడే పద్ధతిలో, దానికి 8 బిట్లు, గరిష్ఠం 255. మామూలుగా విండోస్ 128తో, లినక్స్ 64తో బయల్దేరదీస్తాయి. ప్రతి రౌటర్ దగ్గరా ఒకటి తరుగు, సున్నా అయితే ప్రయాణం సరి. ఆ లెక్కే లేకపోతే, రెండు రౌటర్లు ఒకదాన్నొకటి చూపించుకున్నప్పుడు ప్యాకెట్లు వాటి మధ్య తిరుగుతూనే ఉంటాయి. ట్రేసర్ట్ (దారిలోని రౌటర్లను వరుసగా చూపే ఆదేశం) కొట్టినప్పుడు అవే రెండు చిరునామాలు మార్చి మార్చి వస్తుంటే జబ్బు ఇదే. మధ్యలో నక్షత్రాలు పడితే మాత్రం కంగారు వద్దు. ఆ రౌటర్ జవాబు ఇవ్వకుండా దాటనిస్తూ ఉండవచ్చు. కింది వరుసలు వస్తున్నాయేమో చూడండి.

అడయార్ సభ్యురాలు: పాఠంలో ఇదీ చేర్చండి. ఇంట్లో గోడకున్న పెట్టె మొత్తాన్నీ రౌటర్ అంటాం గానీ, అందులో స్విచ్, వైఫై కూడా ఉంటాయి. స్విచ్‌ది వీధిలో బటవాడా, పరికరానికి ఉండే 48 బిట్ల మ్యాక్ చిరునామా చూసి. రౌటర్ ఊరికీ ఊరికీ మధ్య పని. ఈ తేడా పట్టకనే రెండో పెట్టె తగిలించాక నెట్ ఆగిపోతుంది: రెండింటి లోపలా 192.168.1.0/24 ఉంటే, రెండో దానికి ముందూ వెనకా ఒకే ఊరి పేరు, ఎటు పంపాలో తేలదు. వైఫై వ్యాప్తి కోసమే అయితే రెండో పెట్టెకు 192.168.1.2 ఇవ్వండి, అది ఇంకెవరికీ కేటాయించకుండా చూసుకుని. దాని డీహెచ్‌సీపీ (చిరునామాలు పంచే ఏర్పాటు) ఆపి, కేబుల్‌ను వాన్‌లో (బయటి వైపు పోర్టు) కాక లాన్ (లోపలి వైపు) పోర్టులో పెట్టండి. వేరే నెట్‌వర్కే కావాలంటే లోపలి చిరునామా 192.168.2.1 చేసి, కేబుల్ వాన్‌లోనే ఉంచండి.

అంబత్తూరు సభ్యురాలు: అయితే ‘మజిలీదారు’ అంటే?

వేళచ్చేరి సభ్యుడు: తహసీల్దారు, హవల్దారు పక్కన చక్కగా ఇముడుతుంది. నాకు నచ్చింది. మొదటిసారి ‘మజిలీదారు, అంటే రౌటర్’ అని రాయండి, దుకాణంలో అడగాల్సింది రౌటరే కదా. రూటర్ అని పలికినా తప్పు కాదు, బ్రిటిష్ వాళ్ళు అలాగే అంటారు. ఒక్కటి, పైన ‘డిఫాల్ట్ రూటు’ అని నేనే రాశాను, పాఠంలో ‘డిఫాల్ట్ దారి’ అని మార్చండి. లినక్స్‌లో సర్వాధికారాలున్న ఖాతా పేరూ తెలుగు లిపిలో ‘రూట్’ అనే పడుతుంది. రెండూ ఒకే పేజీలో వస్తే పిల్లలు తికమక పడతారు.